పంచుకున్నామంటారు, రికార్డులో మాత్రం ఉమ్మడే

పల్లెలో ఎవరినడిగినా "మా పంపకాలు ఎప్పుడో అయిపోయాయి" అంటారు. అన్న తూర్పు చెక్క దున్నుకుంటాడు, తమ్ముడు పడమటి చెక్క. మధ్యలో గట్టు ఉంటుంది, ఏళ్ల తరబడి ఎవరి పంట వారిదే. కానీ పట్టాదారు పాసుపుస్తకం చనిపోయిన తండ్రి పేరు మీదే ఉంటుంది, లేదంటే ఇద్దరి పేర్లూ కలిపి ఉంటాయి. అక్కచెల్లెళ్ల సంతకం ఏ కాగితం మీదా ఉండదు. తమ్ముడి కొడుకు సిటీలో ఇల్లు కొనడానికి తన చెక్క అమ్మకానికి పెట్టినప్పుడు, కొనేవాళ్ల లాయరు లింకు డాక్యుమెంట్లు తిరగేసి చెప్పే మాట ఒకటే: ఇది ఇంకా ఉమ్మడి ఆస్తి, అందరి సంతకాలూ కావాలి.

ఉమ్మడి ఏ పేచీకీ తావు లేకుండా తెగాలంటే ఎవరి వాటా ఎంతో తేలాలి, ఆ వాటాకు నేల మీద ఏ ముక్క వస్తుందో తేలాలి, ఆ తేలిన సంగతి చెల్లుబాటయ్యే పత్రంలోకీ ప్రభుత్వ రికార్డులోకీ ఎక్కాలి. మన ఇళ్లలో మధ్యది మాత్రం చకచకా చేసేస్తాం. పెద్దమనుషులు కూర్చుంటారు, చీటీలు వేస్తారు, గట్టు వేస్తారు. వాటాల లెక్క చట్టప్రకారం కట్టరు, పత్రం సంగతి "తర్వాత చూద్దాం" అంటారు. ఆ తర్వాత అనేది వచ్చేసరికి సంతకం పెట్టాల్సిన ఇద్దరు ముగ్గురు కాలం చేసి ఉంటారు, వారి వారసులు పదిమంది అయ్యుంటారు.

ముందు వాటా లెక్క

హిందూ కుటుంబాల్లో లెక్క మొత్తం ఒక ప్రశ్న మీద ఆధారపడి ఉంటుంది: ఆస్తి స్వార్జితమా, పిత్రార్జితమా?

ఒక కుటుంబానికి 9 ఎకరాలు ఉన్నాయనుకుందాం. తండ్రి వీలునామా రాయకుండా 2015లో చనిపోయాడు. భార్య, ఒక కొడుకు, ఒక కూతురు ఉన్నారు. ఆ భూమి తండ్రి సొంత డబ్బుతో కొన్నదైతే హిందూ వారసత్వ చట్టం, 1956లోని 8వ సెక్షన్ ప్రకారం ముగ్గురూ మొదటి తరగతి వారసులు. తలా 3 ఎకరాలు. ఇందులో చిక్కు లేదు.

అదే భూమి పిత్రార్జితమైతే లెక్క మారిపోతుంది. తండ్రి చనిపోయే ముందు క్షణంలో పంపకం జరిగినట్టు చట్టం ఊహిస్తుంది. ఆ ఊహా పంపకంలో తండ్రికి, కొడుక్కి, కూతురికి తలా 3 ఎకరాలు వస్తాయి. దక్షిణాదిలో నడిచే మితాక్షర (హిందూ ఉమ్మడి ఆస్తి న్యాయ) సంప్రదాయంలో ఆ దశలో భార్యకు భాగం లేదు. తర్వాత తండ్రి భాగంగా తేలిన 3 ఎకరాలు ముగ్గురు వారసులకూ ఎకరం చొప్పున దిగుతాయి. చివరికి తల్లికి 1 ఎకరం, కొడుక్కి 4, కూతురికి 4. చనిపోయిన వ్యక్తి తల్లి, అంటే పిల్లల నాయనమ్మ, బతికి ఉంటే ఆమె కూడా మొదటి తరగతి వారసురాలే. అప్పుడు ఆ 3 ఎకరాలు నలుగురికీ ముప్పావు ఎకరం చొప్పున వెళ్తాయి. పంపకాల్లో నాయనమ్మను లెక్కలోకి తీసుకున్న కుటుంబాలు బహు అరుదు.

మరో పెద్ద అపోహ "తాత ఆస్తి మీద మనవడికి పుట్టుకతోనే హక్కు" అన్నది. ఈ మాట అన్ని వేళలా నిజం కాదు. తాత 1956 చట్టం వచ్చాక చనిపోయి, ఆయన స్వార్జితం 8వ సెక్షన్ కింద కొడుక్కి వస్తే, అది ఆ కొడుకు సొంత ఆస్తి అవుతుంది. అందులో మనవడికి పుట్టుకతో వాటా లేదు. సుప్రీంకోర్టు 1986లోనే ఈ సంగతి తేల్చింది, ఆ తర్వాత కూడా పదే పదే చెప్పింది. 1956కు ముందే తండ్రి, తాతల నుంచి దిగిన ఆస్తికీ, ఉమ్మడి కుటుంబపు ఆస్తిలోంచి పంపకంలో భాగంగా వచ్చిన ఆస్తికీ మాత్రం పిత్రార్జిత స్వభావం ఉంటుంది. కాబట్టి తండ్రి మీద కేసు వేద్దామనుకునే కొడుకు గానీ కూతురు గానీ ముందుగా చూడాల్సింది ఆ భూమి ఏ తరం నుంచి, ఏ సంవత్సరంలో, ఏ దారిన వచ్చిందనేది. పాత దస్తావేజులు, ఖాస్రా పహాణీలు (తెలంగాణలో పాత భూమి రికార్డులు), రీసెటిల్‌మెంట్ రిజిస్టర్లు (ఆంధ్రలో ఆర్ఎస్ఆర్ అంటారు) అక్కరకొచ్చేది ఇక్కడే.

ఆడపిల్లల వాటా

ఈ విషయంలో తెలుగు నేల దేశం కంటే ముందు నడిచింది. హిందూ వారసత్వ చట్టానికి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ చేసిన సవరణ 1985 సెప్టెంబరు 5 నుంచి అమల్లోకి వచ్చి, పిత్రార్జితంలో కూతురికి కొడుకుతో సమానంగా పుట్టుకతో హక్కు ఇచ్చింది. అయితే ఆ తేదీకి ముందే పెళ్లయిన కూతుళ్లను పక్కన పెట్టింది. ఇరవై ఏళ్ల తర్వాత కేంద్రం చేసిన సవరణ 2005 సెప్టెంబరు 9 నుంచి అమలయింది. అందులో పెళ్లయిందా, ఎప్పుడయింది అన్న షరతే లేదు. 1975లో పెళ్లయిన కూతురూ సమాన వాటాదారే.

2005 నాటికి తండ్రి బతికి ఉండాలా అన్న సందేహం మీద కోర్టులు చాలా ఏళ్లు తలో రకంగా చెప్పాయి. 2020 ఆగస్టు 11న వినీతా శర్మ కేసులో సుప్రీంకోర్టు ఆ గొడవకు తెర దించింది. హక్కు పుట్టుకతో వస్తుంది గనుక తండ్రి ఆ రోజుకి బతికి ఉండాల్సిన పని లేదు. మినహాయింపు ఒకటి ఉంది: 2004 డిసెంబరు 20కి ముందు రిజిస్టరు పత్రం ద్వారా గానీ కోర్టు డిక్రీ ద్వారా గానీ పంపకం అయిపోయి ఉంటే దాన్ని ఇప్పుడు తిరగదోడలేరు. "అప్పట్లోనే నోటిమాటగా పంచుకున్నాం" అనే అన్నదమ్ముల వాదనను తేలిగ్గా ఒప్పుకోవద్దని, ప్రభుత్వ రికార్డుల వంటి గట్టి ఆధారాలు ఉంటేనే అరుదుగా పరిగణించాలని అదే తీర్పు చెప్పింది. కూతుళ్లకు వాటా ఎగ్గొట్టడానికి నోటి పంపకం కథ అల్లడం సులువని కోర్టుకు తెలుసు.

"పెళ్లప్పుడు పసుపు కుంకుమ కింద ఇచ్చాం కదా" అంటారు. భూమి ఇచ్చి ఉంటే అది రాతపూర్వకంగా, రిజిస్టరు దస్తావేజుగా ఉండాలి. కట్నంగా ఇచ్చిన డబ్బు, బంగారం వాటాలో చెల్లు అయిపోయినట్టు చట్టంలో ఎక్కడా లేదు. అసలు కట్నం ఇవ్వడమే నేరం. దాన్ని వాటాకు బదులని కోర్టులో చెప్పుకోబోవడం ఎంత అన్యాయమో వేరే చెప్పనక్కర్లేదు.

అక్కచెల్లెళ్లు తమంతట తాము వాటా వద్దనుకుంటే దానికి పద్ధతి ఉంది. హక్కు విడుదల దస్తావేజు రాసి రిజిస్టరు చేయించాలి. తెల్లకాగితం మీద వేలిముద్ర పనికిరాదు. ఇంకో సంగతి: తండ్రి బతికుండగా ఆయన స్వార్జితం మీద కూతురికి గానీ కొడుక్కి గానీ ఇంకా హక్కే పుట్టలేదు. లేని హక్కును వదులుకున్నట్టు ముందుగానే రాయించుకున్న కాగితానికి సాధారణంగా విలువ ఉండదు. పెళ్లి సమయంలో ఇలాంటి కాగితాలు రాయించుకుని బీరువాలో దాచుకున్న అన్నదమ్ములు ఇది గమనించాలి.

ఒప్పుదలగా పంచుకుంటే

అందరూ ఒక మాట మీద ఉంటే ఇంతకంటే తేలికైన దారి లేదు. భాగ పరిష్కార దస్తావేజు రాసుకుని రిజిస్టరు చేయించుకుంటే సరిపోతుంది. పాతకాలం వాళ్లు దీన్నే పారీఖత్తు అంటారు.

హిందూ కుటుంబంలో పంపకం నోటిమాటగా కూడా చెల్లుతుంది, రాయాలన్న నిబంధన లేదు. కానీ రాస్తే మాత్రం రిజిస్ట్రేషన్ చట్టం, 1908లోని 17వ సెక్షన్ పట్టుకుంటుంది. 100 రూపాయలు, ఆపైన విలువున్న స్థిరాస్తిని పంచే పత్రం రిజిస్టరు కావాల్సిందే. నూరు రూపాయల స్టాంపు కాగితం మీద రాసి, నోటరీ ముద్ర వేయించి, పదిమంది సాక్షి సంతకాలు పెట్టించిన పత్రం కోర్టులో పంపకానికి రుజువుగా పనికిరాదు. నోటరీకి, రిజిస్ట్రేషన్‌కు తేడా తెలియక వేల కుటుంబాలు ఇలాంటి కాగితాన్నే నమ్ముకుని కూర్చున్నాయి.

దీనికి ఒక సన్నని దారి ఉంది. "ఫలానా సంవత్సరం ఫలానా నెలలో మేం పంచుకున్నాం, ఎవరికేం వచ్చిందో గుర్తుగా ఇప్పుడు రాసుకుంటున్నాం" అని జరిగిపోయిన పంపకాన్ని నమోదు చేసే జ్ఞాపక పత్రానికి రిజిస్ట్రేషన్ అక్కర్లేదని సుప్రీంకోర్టు చెప్పింది. "ఈ పత్రం ద్వారా పంచుకుంటున్నాం" అని రాస్తే మాత్రం అది పంపకపు దస్తావేజే, రిజిస్టరు కావాలి. అయితే మన రాష్ట్రాల వాళ్లు ఇక్కడే ఒక గుంటలో పడతారు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ స్టాంపు చట్టానికి చేసిన సవరణ ప్రకారం, జరిగిపోయిన పంపకాన్ని నమోదు చేసే పత్రం కూడా స్టాంపు డ్యూటీ విషయంలో పంపకపు దస్తావేజు కిందే లెక్క. రిజిస్ట్రేషన్ తప్పినా డ్యూటీ తప్పదు. డ్యూటీ కట్టని పత్రాన్ని కోర్టు ఏ అవసరానికీ చూడదు. తక్కువ పడ్డ డ్యూటీతో పాటు దానికి పది రెట్ల వరకు జరిమానా కట్టాకే అది సాక్ష్యంగా లోపలికి వస్తుంది. ఇంత తంటా కంటే మొదట్లోనే రిజిస్టరు చేయించుకోవడం నయం.

పైగా ఖర్చు జనం భయపడేంత ఉండదు. పంపకానికి స్టాంపు డ్యూటీ మొత్తం ఆస్తి విలువ మీద వేయరు. అన్నిటికంటే పెద్ద వాటాను పక్కన పెట్టి మిగిలిన వాటాల విలువ మీదే లెక్క కడతారు. వాటాలు 40 లక్షలు, 35 లక్షలు, 25 లక్షలు అయితే డ్యూటీ 60 లక్షల మీదే. కుటుంబ సభ్యుల మధ్య పంపకానికి రేటు కూడా అమ్మకం రేటు కంటే బాగా తక్కువ. ఏ రోజు రేటు ఆ రోజు సబ్ రిజిస్ట్రారు ఆఫీసులోనో, రిజిస్ట్రేషన్ల శాఖ వెబ్‌సైటులోనో చూసుకోవాలి. రాసి సంతకాలు పెట్టాక 4 నెలల లోపు రిజిస్ట్రేషన్‌కు తీసుకెళ్లాలి. దాటితే ఇంకో 4 నెలల వరకు జరిమానాతో అవకాశం ఉంటుంది.

ఇక పత్రంలో ఏం రాయాలి? డాక్యుమెంట్ రైటర్లు పాత నమూనా ముందు పెట్టుకుని పేర్లు, సర్వే నంబర్లు మార్చి ఇచ్చేస్తుంటారు. పేచీలు పుట్టేది ఆ నమూనాలో లేని వాటి దగ్గరే. రోడ్డు పక్క చెక్క అన్నకు, లోపలి చెక్క తమ్ముడికి వస్తే తమ్ముడి ట్రాక్టరు ఎటునుంచి వెళ్లాలి? దారి ఎన్ని అడుగుల వెడల్పు, ఏ గట్టు వెంట, అది ఎవరి విస్తీర్ణంలోంచి తగ్గుతుందన్నది రాయాలి. బోరు ఒకరి చెక్కలో పడితే నీళ్లు వంతుల మీద వాడుకుంటారా, కొన్నాళ్లకు రెండోవారు వేరే బోరు వేసుకుంటారా? మోటారు కరెంటు సర్వీసు ఎవరి పేరు మీద ఉంటుంది, బిల్లు ఎవరు కడతారు? గట్టు మీది టేకు చెట్లు, కొబ్బరి చెట్లు ఎవరివి? ఊళ్లో ఇల్లయితే మధ్య గోడ ఎవరిది, మురుగునీరు ఎటు పోవాలి, మెట్లు ఉమ్మడిగానే ఉంటాయా? పంచకుండా ఉమ్మడిగా వదిలేస్తున్న కళ్లమో, బావో, సమాధుల స్థలమో ఉంటే ఆ సంగతీ స్పష్టంగా రాయాలి. సొసైటీలో పంట రుణం, బ్యాంకులో తాకట్టు ఉంటే అది ఎవరు తీరుస్తారో రాయాలి, ఎందుకంటే పత్రం రిజిస్టరైనా బ్యాంకు హక్కు చెక్కుచెదరదు. ప్రతి వాటాకీ విడిగా షెడ్యూలు, నాలుగు వైపులా హద్దులు, సర్వేయరు కొలిచిన పటం జతచేయాలి. ఎకరాల లెక్క ఒక్కటే రాసి హద్దులు వదిలేసిన పత్రం వాటా తేల్చుతుంది గానీ, ముక్క తేల్చదు.

వాటాదారుల్లో మైనరు ఉంటే జాగ్రత్త రెట్టింపు కావాలి. తండ్రి పోయిన పిల్లల తరఫున తల్లి సంతకం పెట్టి పంపకం చేయవచ్చు. కానీ ఆ పంపకం పిల్లలకు నష్టంగా ఉంటే మేజరయ్యాక వాళ్లు దాన్ని తిరగదోడే హక్కు ఉంది. మైనరు పేరున విడిగా ఉన్న స్థిరాస్తిని అమ్మడానికో తాకట్టు పెట్టడానికో కోర్టు అనుమతి తప్పనిసరి. తల్లి గర్భంలో ఉన్న శిశువుకు కూడా, ప్రాణంతో పుడితే, వాటా ఉంటుంది.

అమెరికాలోనో గల్ఫ్‌లోనో ఉన్న వాటాదారు సంతకం కోసమే ఆగిపోయిన పంపకాలు ఇప్పుడు ప్రతి ఊళ్లోనూ ఉన్నాయి. రావడం కుదరకపోతే పవర్ ఆఫ్ అటార్నీ పంపవచ్చు. అక్కడి భారత కాన్సులేటులో గానీ నోటరీ ముందు గానీ సంతకం చేసి పంపిన ఆ పత్రం ఇండియాకు చేరిన 3 నెలల లోపు ఇక్కడి స్టాంపు డ్యూటీ కట్టించాలి. జిల్లా రిజిస్ట్రారు దగ్గర ఈ పని అవుతుంది. ఆస్తి వివరాలు, ఏ వాటాకు ఒప్పుకుంటున్నదీ స్పష్టంగా రాసి, ఆ ఒక్క పనికే పరిమితం చేసి ఇవ్వడం మంచిది. "నా ఆస్తులన్నిటి మీదా సర్వాధికారాలు" అని రాసిచ్చి తర్వాత కన్నీళ్లు పెట్టుకున్నవాళ్లు చాలామంది ఉన్నారు.

ఒప్పుకోకపోతే

ఒక్కరు అడ్డం తిరిగినా మిగిలినవాళ్లు జీవితాంతం ఉమ్మడిలో ఉండిపోవాల్సిన అవసరం లేదు. విడిపోవాలనుకునే ఏ వాటాదారుడైనా భాగం కోరవచ్చు, కారణం చెప్పనక్కర్లేదు. ఉమ్మడి కుటుంబంలో అయితే "నేను విడిపోతున్నాను" అని స్పష్టంగా మిగతావారికి నోటీసు ఇవ్వడంతోనే హోదా పరంగా విడిపోయినట్టే. హద్దులతో భూమి చేతికి రావడం వేరే సంగతి.

ఈలోగా కొందరు ఓపిక పట్టలేక తమ భాగాన్ని బయటివాళ్లకు అమ్మేస్తారు. మన ప్రాంతంలో అమలయ్యే మితాక్షర న్యాయం ప్రకారం డబ్బు తీసుకుని తన అవిభక్త (ఇంకా విడగొట్టని) వాటాను అమ్ముకోవచ్చు. మిగతావారి ఒప్పుదల లేకుండా దానంగా ఇవ్వడం మాత్రం చెల్లదు. ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్లిన కేసులోనే 1987లో సుప్రీంకోర్టు ఈ మాట చెప్పింది. కానీ కొన్నవాడికి దక్కేది వాటా మాత్రమే, "తూర్పు వైపు రెండెకరాలు" అని దస్తావేజులో హద్దులు రాసుకున్నా ఆ ముక్కే వస్తుందన్న భరోసా లేదు. పంపకంలో వీలైతే ఆ ముక్కను అమ్మినవాడి వాటా కింద కోర్టు చూపిస్తుంది, లేకపోతే లేదు. కుటుంబం ఉంటున్న ఇంట్లో వాటా కొన్న బయటివాడు నేరుగా వచ్చి ఒక గదిలో దిగలేడు, ఆస్తి బదిలీ చట్టం 44వ సెక్షన్ అందుకు అడ్డుపడుతుంది. అతను భాగానికి దావా వేస్తే, ఇంటివాళ్లలో ఎవరైనా కోర్టు కట్టిన విలువ ఇచ్చి ఆ వాటాను తామే కొనేసుకోవచ్చు. పార్టిషన్ చట్టం, 1893లోని 4వ సెక్షన్ ఈ రక్షణ ఇచ్చింది. వారసత్వంగా వచ్చిన ఆస్తిలో ఒక వారసుడు వాటా అమ్ముతుంటే తోటి వారసులకు ముందుగా కొనుక్కునే హక్కు కూడా హిందూ వారసత్వ చట్టం 22వ సెక్షన్‌లో ఉంది. అది వ్యవసాయ భూమికీ వర్తిస్తుందని సుప్రీంకోర్టు 2019లో తేల్చింది. ఈ రెండు హక్కుల గురించి తెలియక పుట్టిల్లు పరాయిపాలు చేసుకున్నవాళ్లను తలచుకుంటే బాధేస్తుంది.

దావా వేసేటప్పుడు రెండు నియమాలు మరువకూడదు. వాటాదారులందరినీ పార్టీలుగా చేర్చాలి, ఉమ్మడి ఆస్తులన్నీ షెడ్యూల్లో చూపించాలి. ఒక చెల్లెలిని వదిలేసినా, అనుకూలమైన ఒక్క ఆస్తికే దావా వేసినా ఏళ్ల తర్వాత ఆ కారణంతోనే కొట్టుడుపోవచ్చు. కోర్టు ఫీజు సంగతి కూడా తెలుసుకోవాలి. వాది కూడా ఆస్తిని మిగతావారితో కలిసి అనుభవిస్తుంటే చిన్న స్థిర రుసుము సరిపోతుంది. తనను బయటకు నెట్టేశారని చెబితే తన వాటా విలువ మీద లెక్కగట్టి కట్టాలి.

కాలపరిమితి గురించి భయపెట్టేవాళ్లు ఎక్కువ. ఒక వాటాదారుడి స్వాధీనం అందరి తరఫున స్వాధీనమే అన్నది మూలసూత్రం. అన్న ఒక్కడే 30 ఏళ్లు దున్నుకున్నంత మాత్రాన చెల్లెలి హక్కు పోదు. కానీ "నీకు ఇందులో హక్కు లేదు" అని బాహాటంగా చెప్పి గెంటేసిన సంగతి తెలిశాక 12 ఏళ్లు ఊరుకుంటే మాత్రం చిక్కే.

దావా రెండు మెట్లుగా నడుస్తుంది. విచారణ తర్వాత కోర్టు ఎవరి వాటా ఎంతో చెబుతుంది, అది ప్రాథమిక డిక్రీ. దాన్ని చేత్తో పట్టుకుని గెలిచామని మిఠాయిలు పంచుకుని ఇంటికెళ్లిపోయేవాళ్లు ఉన్నారు. నిజానికి అక్కడికి సగం దారే అయింది. తుది డిక్రీ కోసం మళ్లీ పిటిషన్ వేయడం మన కోర్టుల్లో అలవాటు. ప్రాథమిక డిక్రీ ఇచ్చాక విడిగా దరఖాస్తు కోసం చూడకుండా ట్రయల్ కోర్టులే ముందుకు నడపాలని సుప్రీంకోర్టు 2022లో ఆదేశించింది. శిస్తు కట్టే భూముల్ని కలెక్టరు ద్వారా పంచే పద్ధతి సివిల్ ప్రొసీజర్ కోడ్ 54వ సెక్షన్‌లో ఉంది, మనకు ఎక్కువగా కనిపించేది మాత్రం అడ్వొకేట్ కమిషనర్. ఆయన సర్వేయరును వెంటబెట్టుకుని పొలానికి వస్తాడు, కొలుస్తాడు, నేల మంచీచెడ్డా, రోడ్డూ నీరూ చూసి వాటాలు ప్రతిపాదిస్తూ నివేదిక ఇస్తాడు. ఆ రోజు పొలంలో ఉండి, తమకు కావాల్సిన వైపు ఎందుకు కావాలో రాతపూర్వకంగా చెప్పడం, నివేదిక నచ్చకపోతే కోర్టులో అభ్యంతరం వేయడం వాటాదారుల పని. లాయరు చూసుకుంటాడులే అని ఇంట్లో కూర్చుంటే బీడు ముక్క వాటాకొస్తుంది.

తుది డిక్రీ లోపల చట్టం మారినా, వాటాదారుల్లో ఒకరు చనిపోయినా, వాటాలు మళ్లీ సవరించవచ్చు. ఆంధ్రప్రదేశ్‌కే చెందిన ఒక కేసులో 1999లో ప్రాథమిక డిక్రీ వచ్చింది. తుది డిక్రీ కాకముందే 2005 సవరణ వచ్చింది. తమకు కొడుకుతో సమాన వాటా కావాలని కూతుళ్లు అడిగితే, ప్రాథమిక డిక్రీ మార్చవచ్చని సుప్రీంకోర్టు 2011లో ఒప్పుకుంది.

ఆస్తి ముక్కలు చేయడానికి వీలుకానిదైతే? నలుగురికి చెందిన 150 గజాల ఇంటిని నాలుగుగా కోస్తే ఎవరికీ ఉపయోగం లేదు. అప్పుడు సగం లేదా అంతకంటే ఎక్కువ వాటా ఉన్నవాళ్లు కోరితే, అమ్మి డబ్బు పంచమని కోర్టు ఆదేశించవచ్చు. మిగిలినవాళ్లు ఆ వాటాను విలువ కట్టి తామే కొంటామంటే వారికి అవకాశం ఇవ్వాలి. ఇదీ 1893 చట్టంలోనిదే.

కేసు ఏ దశలో ఉన్నా రాజీకి దారి మూసుకుపోదు. లోక్ అదాలత్‌లో కుదిరిన ఒప్పందం సివిల్ కోర్టు డిక్రీతో సమానం, దాని మీద అప్పీలు లేదు, కట్టిన కోర్టు ఫీజు వెనక్కి వస్తుంది. దావాలో ఉన్న ఆస్తికే పరిమితమైన రాజీ డిక్రీకి రిజిస్ట్రేషన్ అవసరం లేదు. దావాలో లేని ఆస్తిని కూడా అందులో కలిపితే మాత్రం రిజిస్టరు చేయించాలి.

కుటుంబం బయట

ఇద్దరు స్నేహితులు కలిసి ప్లాటు కొంటే అది పిత్రార్జితం లెక్కల్లోకి రాదు. పెట్టిన డబ్బు నిష్పత్తిలో వాటాలు ఉంటాయి. ఎవరెంత పెట్టారో తేలకపోతే సమానమని చట్టం భావిస్తుంది. అందుకే కొనే రోజునే దస్తావేజులో వాటా శాతం రాయించుకోవాలి. వీళ్ల మధ్య పంపకానికి కుటుంబ రాయితీ వర్తించదు. ప్లాటును రెండు చేయాలంటే మున్సిపాలిటీ అనుమతి కూడా కావాలి. అపార్టుమెంటులో ఫ్లాటుతో వచ్చే అవిభక్త స్థలపు వాటాను మాత్రం ఎవరూ విడగొట్టమని అడగలేరు. ఫ్లాటు ఉన్నంతకాలం అది ఫ్లాటుతోనే ఉంటుంది. ముస్లిం కుటుంబాల్లో పుట్టుకతో హక్కు అన్న ఊహే లేదు. మనిషి పోయాకే వారసులకు నిర్ణీత వాటాలు ఏర్పడతాయి. క్రైస్తవులకు 1925 నాటి భారత వారసత్వ చట్టం వర్తిస్తుంది. వాటా లెక్క వేరైనా దస్తావేజు, రిజిస్ట్రేషన్, దావా పద్ధతి అందరికీ దాదాపు ఒకటే.

రికార్డుకు ఎక్కించడం

తెలంగాణలో 2020 అక్టోబరులో ధరణి పోర్టల్ వచ్చినప్పటి నుంచి వ్యవసాయ భూమి పంపకపు దస్తావేజు తహసీల్దారు దగ్గరే రిజిస్టరవుతోంది, మ్యుటేషనూ (రికార్డులో పేరు మార్పు) అక్కడే. 2025 ఏప్రిల్ 14 నుంచి ఆ స్థానంలో భూభారతి చట్టం వచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో రిజిస్ట్రేషన్ సబ్ రిజిస్ట్రారు దగ్గర, మ్యుటేషన్ రెవెన్యూ వాళ్ల దగ్గర. అక్కడ రీసర్వే జరిగిన గ్రామాల్లో కొత్త తలనొప్పి వచ్చిపడింది. ఎప్పుడో నోటిమాటగా పంచుకుని పత్రం లేని అన్నదమ్ముల భూముల్ని కలిపి ఒకే ల్యాండ్ పార్సిల్ మ్యాప్ (ఎల్‌పీఎం) నంబరు ఇచ్చేశారు. జాయింట్ ఎల్‌పీఎం అంటున్నది దీన్నే. వాళ్లలో ఒకరు అమ్మాలన్నా, రుణం తెచ్చుకోవాలన్నా ముందు ఆ పార్సిల్ విడగొట్టించుకోవాలి.

పాసుపుస్తకంలో పేరు ఎక్కడం వల్లే హక్కు పుట్టదు, అది శిస్తు వసూలు కోసం పెట్టుకున్న నమోదు మాత్రమేనని కోర్టులు ఎన్నోసార్లు చెప్పాయి. తహసీల్దారు ఇచ్చే ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ కూడా వారసత్వానికి తుది రుజువు కాదు. ఈ రెండూ ఉన్నాయని ధీమాగా ఉండి, అక్కచెల్లెళ్ల పేర్లు వదిలేసి మ్యుటేషన్ చేయించుకున్నవాళ్ల హక్కు ఏ రోజైనా ప్రశ్నకు నిలబడాల్సిందే. అలాగని మ్యుటేషన్ వదిలేయకూడదు. పత్రం చేతికొచ్చిన వెంటనే సర్వే నంబరుకు సబ్ డివిజన్ వేయించుకుని, పటంలో ముక్క చూపించుకుని, ఎవరి పాసుపుస్తకం వారు తీసుకోవాలి. ఇల్లయితే పన్ను అసెస్‌మెంట్ నంబరు, కరెంటు మీటరు, నీటి కనెక్షన్ విడివిడిగా మార్పించుకోవాలి. అసలు దస్తావేజు ఒకరి దగ్గరే ఉంటుంది గనుక మిగతావారు రిజిస్టరైన డూప్లికేటో, సర్టిఫైడ్ కాపీయో తప్పక తీసుకోవాలి. కోర్టు ద్వారా పంచుకున్నవారు తుది డిక్రీని కావలసిన స్టాంపు కాగితం మీద ఎక్కించుకుని, స్వాధీనం రాకపోతే డిక్రీ తేదీ నుంచి 12 ఏళ్ల లోపు అమలు పిటిషన్ వేయాలి. ఆ గడువు స్టాంపు కాగితాలు దాఖలు చేసిన రోజు నుంచి మొదలు కాదు, డిక్రీ తేదీ నుంచే నడుస్తుంది. డిక్రీ కాపీని సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో రిజిస్టరు చేయించుకుంటే ఈసీ (ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీల జాబితా) తీసినప్పుడు ఆ పంపకం కనిపిస్తుంది. ఆ పని డిక్రీ ఖాయమైన 4 నెలల లోపు చేసుకోవాలి.